ఓనరుకు క్యాను నీళ్ళు, ఇంజనుకు బోరు నీళ్ళు

రెంటచింతలలో మంచు పడేదెప్పుడు, రేడియేటర్‌లో నీళ్ళు గడ్డకట్టేదెప్పుడు? కూలెంటు దండగ అనేవారి వాదమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంటుంది. అది చలిదేశాల మందట. మహా అయితే లంబసింగి వాళ్ళకు పనికొస్తుందేమో గాని, పల్నాటి మే నెల ఎండలో దాన్ని అంటగట్టడం కంపెనీల దోపిడీ అట. ఈ తర్కం తలకెక్కాక ఒక ఆదివారం పొద్దున కారు బానెట్ లేస్తుంది. కింద డ్రెయిన్ విప్పితే లోపలి పచ్చ ద్రవం వీధి కాలువకు సాగిపోతుంది. మొక్కలకు పెట్టే పైపునే రేడియేటర్ మూతిలో దూర్చి, పొంగిందాకా బోరు నీళ్ళు పడతారు. దీన్ని ‘ఇంట్లోనే కూలెంటు మార్చుకున్నాం’ అని చెప్పుకుంటారు. మార్చిన మాట నిజమే, కాదనలేం.

ఆ బోరు నీళ్ళ చరిత్ర ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్ మీద ఏడాది తిరక్కుండా తెల్లటి పెచ్చు కడుతుంది. అందుకే ఓనరు తాగడానికి 20 లీటర్ల క్యాను తెప్పించుకుంటాడు. అదే బానెట్ కింద బ్యాటరీ ఉంటే దానికి డిస్టిల్డ్ వాటర్ కొంటాడు, మామూలు నీళ్ళు పోస్తే ప్లేట్లు పోతాయని ఎవరో చెప్పారు కనుక. బ్యాటరీకి జానెడు దూరంలో ఉన్న రేడియేటర్ ఏ పాపం చేసిందో తెలియదు. గీజర్ కాయిల్‌ను చెడగొట్టే కాల్షియం ఇంజను హెడ్డులోని సన్నని దారుల్లోకి వెళ్ళగానే బుద్ధి తెచ్చుకుంటుందని ఆయన నమ్మకం. అది అక్కడా పెచ్చే కడుతుంది. పెచ్చు కట్టిన లోహం వేడిని నీటికి సరిగా అప్పగించదు. మీటరులో ముల్లు మామూలుగానే కనిపిస్తుంటుంది, హెడ్డులో ఒక మూల మాత్రం మాడిపోతుంటుంది.

ఇక్కడ నీళ్ళ పక్షం వారికి ఒక బలమైన పాయింటు ఉంది, వాళ్ళు సాధారణంగా దాన్ని వాడుకోరు గనుక మనమే అందిద్దాం. వేడిని మోయడంలో కూలెంటు కంటే ఉత్త నీళ్ళే మెరుగు. కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కొద్దీ ఆ మోసే శక్తి తగ్గుతుంది కూడా. రేసు కార్లలో చాలాచోట్ల గ్లైకాల్ పోయనివ్వరు, ట్రాక్ మీద ఒలికితే జారుడవుతుందని. వాళ్ళు నీళ్ళతోనే నడుపుతారు. అయితే ఆ నీళ్ళలో తుప్పు పట్టనివ్వని మందు కలుపుతారు, ఇంజనును తరచూ విప్పి చూసుకుంటారు. మన ఓనరు ఇంజను విప్పేది పొగ వచ్చిన రోజున. అసలు సంగతేమిటంటే, కూలెంటులోనూ చల్లబరిచే పని ఎక్కువగా చేసేది నీళ్ళే. డబ్బాలోని మిగతా సరుకుకు రెండు వేరే ఉద్యోగాలున్నాయి. ఒకటి, మరుగును వెనక్కి నెట్టడం. మూత సరిగా ఉండి లోపల ఒత్తిడి నిలిస్తే నీళ్ళు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, సగం నీళ్ళు సగం గ్లైకాల్ అయితే 130 దగ్గర. ఘాట్ రోడ్డులో లోడు లారీకి ఆ పది డిగ్రీలే దిక్కు. గడ్డకట్టే భయం మనకు లేకపోవచ్చు. మరిగే భయం రెంటచింతలలో ఉన్నంతగా ఇంకెక్కడుంటుంది?

రెండో ఉద్యోగం దీనికంటే పెద్దది. ఇంజనులో పోత ఇనుము ఉంది, అల్యూమినియం ఉంది, పాత రేడియేటర్ అయితే రాగి, ఇత్తడి, సీసపు అతుకులు ఉన్నాయి. ఇన్ని రకాల లోహాల్ని కలిపి ఉప్పు నీళ్ళలో ముంచి వేడి చేస్తే తయారయ్యేది బ్యాటరీయే. అందులో బలహీనమైన లోహం కరిగిపోతూ ఉంటుంది. బోరు నీటిలోని క్లోరైడు అల్యూమినియానికి సూది బెజ్జాలు వేస్తుంది. డీజిలు ఇంజన్లలో ఇంకో వింత కూడా ఉంది. చాలా లారీల్లో, ట్రాక్టర్లలో సిలిండరు లైనరు బయటి గోడ నేరుగా నీళ్ళలోనే నిలబడి ఉంటుంది. పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బకూ ఆ గోడ అదురుతుంది, అదిరినప్పుడల్లా దాని పక్కన నీటిలో చిన్న బుడగలు పుట్టి వెంటనే పగులుతాయి. ఆ పగిలే దెబ్బలకే ఇనుము గుంటలు పడి, చివరకు లైనరుకు రంధ్రమై నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి. కూలెంటులో కలిపే నైట్రైట్ వంటి మందులు గోడ మీద పలచని పొర కట్టి ఈ దెబ్బల్ని కాచుకుంటాయి. బోరు నీటిలో అలాంటి పొర కట్టేదేమీ లేదు, పెచ్చు కట్టేదే ఉంది.

‘ఏళ్ళ తరబడి నీళ్ళే పోస్తున్నాం, ఏమైంది?’ అనే సవాలును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆ మాట అనేవారు అబద్ధం చెప్పడం లేదు, పద్దులు వేరువేరుగా రాసుకుంటున్నారంతే. కూలెంటు కొనకపోవడం పొదుపు ఖాతాలో పడుతుంది, అదీ ఏటా. వాటర్ పంపు సీలు పోవడం ‘డూప్లికేట్ స్పేర్లు’ ఖాతాకు వెళుతుంది. రేడియేటర్ కారడం రోడ్ల ఖాతాకు, అంటే ప్రభుత్వానికి. హెడ్డు గాస్కెట్ పోతే బండిని చివరిసారి ముట్టుకున్న మెకానిక్ ఖాతాకు. ఇంజను సీజయితే డ్రైవరు ఖాతాకు, డ్రైవరు లేకపోతే గ్రహచారానికి. కరిగిపోయిన అల్యూమినియం బిల్లు నీళ్ళ పేరు మీద ఎన్నడూ రాదు. తుప్పు మొదలైన రోజుకూ బండి ఆగిన రోజుకూ మధ్య మూడు నాలుగేళ్ళుండటం వల్ల నేరం ఎవరిదో తేలదు. ఎంత నష్టపోయినా ‘ఏమీ కాలేదు’ అని చెప్పుకునే సౌలభ్యం నీళ్ళ పక్షానికి ఈ గడువే కల్పించింది. లీటరు కొన్ని వందలు మిగిల్చినందుకు హెడ్డు పని వేలల్లో వస్తుందని చెబితే, ‘బండన్నాక ఖర్చులుంటాయి’ అని మనకే వేదాంతం చెబుతారు.

తాతగారి అంబాసిడర్ ఉదాహరణ ఎలాగూ వస్తుంది. ఆ మాటకొస్తే ఇంకా పెద్ద సాక్షినే పిలవొచ్చు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుంచి ప్ఫోర్జ్‌హైమ్ దాకా కారు నడిపినప్పుడు దారి పొడుగునా నీళ్ళు దొరికినచోటల్లా పోసుకుంటూనే వెళ్ళింది. ఆ ఇంజనులో నీళ్ళు ఆవిరై పోవడమే చల్లబరిచే పద్ధతి. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజనుకు బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే, గోడలు దిట్టం, రేడియేటర్ ఇత్తడిది. తుప్పు తింటూ పోయినా తినడానికి చాలా ఇనుముండేది. ఈనాటి కారుకు హెడ్డు అల్యూమినియం, రేడియేటర్ రేకు పలచన, ట్యాంకు ప్లాస్టిక్. తాతగారి ఆరోగ్యం చూపించి మనవడు మందులు మానేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. నిజంగా కూలెంటంటే గిట్టనివారికి గాలితో చల్లబడే ఇంజనున్న ఐషర్ ట్రాక్టర్లు ఉండనే ఉన్నాయి. సిద్ధాంతానికి కట్టుబడాలంటే నిజాయతీ గల మార్గం అది.

ఇదే విజ్ఞానశాఖలో మరో శస్త్రచికిత్స ఉంది, థర్మోస్టాట్ పీకేయడం. ‘మన ఎండలకు ఇదెందుకు, నీళ్ళకు అడ్డం’ అని తీసి పారేస్తారు. దాని పని ఇంజను సుమారు 85 డిగ్రీలకు త్వరగా చేరేలా చూసి, తర్వాత తలుపు తీయడం. అది లేకపోతే ఇంజను చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, కాలని ఇంధనం ఆయిల్లో కలిసి అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే బైపాస్ దారిని మూసేదీ ఆ థర్మోస్టాటే. దాన్ని తీసేస్తే నీళ్ళు రేడియేటర్ దాకా వెళ్ళకుండా దగ్గరి దారిలో తిరిగొచ్చి, వేడి తగ్గాలని పీకిన బండి ఇంకా వేడెక్కుతుంది. ఇక రేడియేటర్ కారితే పసుపు పోసే వైద్యం సంగతి. దసరాకు బండికి పైన పూసేదే లోపలా పోస్తారు. చిల్లు కాసేపు పూడుతుంది కూడా. అదే పసుపు హీటరు గొట్టాల్నీ పూడుస్తుందని ఎవరూ గమనించరు, మన హీటరు ఎవరికి కావాలి గనుక.

కూలెంటు అమ్మేవారిని వెనకేసుకురావడం మన పని కాదు. పచ్చ, ఎరుపు, నీలం రంగులకు ఒక పద్ధతంటూ లేదు, అది కేవలం అద్దకం. రంగు నీళ్ళు కొని మోసపోయిన వాడి కోపం న్యాయమే. దానికి మందు డబ్బా వెనక చదవడం. ఐఎస్ 5759 గానీ జేఐఎస్ కె 2234 గానీ ప్రమాణం రాసి ఉందా, నేరుగా పోసేదా, నీళ్ళు కలపాల్సిందా, బండి పుస్తకంలో చెప్పిన రకమేనా అన్నది చూసుకోవాలి. కలపాల్సిన గాఢమైన సరుకును అలాగే పోసేసే భక్తులూ ఉన్నారు, ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనమని. వాళ్ళది వేడిని మరీ తక్కువ మోసే మిశ్రమం. గ్లైకాల్ ఏళ్ళ తరబడి అలాగే ఉన్నా తుప్పు ఆపే మందులు అయిపోతాయి. రకాన్ని బట్టి రెండేళ్ళకో అయిదేళ్ళకో మార్చమనేది అందుకే.

ఇంట్లో మార్చుకోవడం తప్పేమీ కాదు, సర్వీసు సెంటర్ బిల్లు చూశాక అది పౌరుషం కూడా. ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీయాలి, వేడిలో తీస్తే మరిగే నీళ్ళు ముఖాన పడతాయి. పాతది దించి డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, కొత్తది మెల్లగా పోసి, హీటరు పూర్తిగా తిప్పి ఇంజను నడిపి, లోపలి గాలి బయటికి పోయాక మళ్ళీ మట్టం చూడాలి. ఇదంతా నేర్చుకున్న వాళ్ళు కూడా చివరి మెట్టు దగ్గర జారుతున్నారు. తీసిన పాత కూలెంటు వీధి కాలువకు, మిగిలిన కొత్తది ఖాళీ కూల్ డ్రింక్ సీసాలోకి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. వీధి కుక్క నాకినా, ఆవు తాగినా, పిల్లవాడు సీసా ఎత్తి గుటక వేసినా ఒంట్లో అది ఆక్సాలిక్ ఆమ్లమై మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. నిన్నటిదాకా కూలెంటులో ఏ పసా లేదన్న ఆసామి దాన్ని పచ్చగా నిగనిగలాడే షర్బత్తులా కిటికీలో పెట్టి, సాయంత్రం పిల్లలు ఆటలాడి దాహంతో వచ్చే వేళకు హాయిగా నిద్రపోతున్నాడు.