రీసెట్ రాయుడు

బోర్డు ఆగిపోతే బటన్ నొక్కేవాడు మామూలు మనిషి. అది ఆగకముందే నొక్కేవాడు రీసెట్ రాయుడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టు ల్యాబులోనైనా ఇలాంటివాడు ఒకడు దొరుకుతాడు. ఆర్డుయినో ఊనో బోర్డు దానంతటదే మళ్లీ మొదటికొస్తుంటే బటన్ నొక్కుతాడు, కేబుల్ పీకి పెడతాడు, ఆపైన "చిప్ పోయింది మామా, కోఠి పోయి కొత్తది కొనాల్సిందే" అని తేల్చేస్తాడు. రాయుడికి తెలివి లేదనడం అన్యాయం. కానీ అతను కేసు విచారించకుండానే సాక్ష్యం చెరిపేస్తాడు. చిప్‌లో ఎంసీయూఎస్ఆర్ అనే రిజిస్టరు ఉంది. రీసెట్ దేనివల్ల జరిగింది, కరెంటు రావడమా, రీసెట్ పిన్నా, వోల్టేజీ పడిపోవడమా, వాచ్‌డాగ్ టైమరా అన్నది అందులో గుర్తుంటుంది. కేబుల్ పీకి పెట్టగానే పాత గుర్తులు చెరిగిపోయి, కరెంటు వచ్చిందన్న గుర్తు పడుతుంది. (బూట్‌లోడరూ చాలాసార్లు ఆ గుర్తుల్ని తుడిచేస్తుంది కాబట్టి నేరమంతా రాయుడిదే అనలేం.)

నిజంగా చిప్ పోతే బోర్డు ఉలుకూ పలుకూ లేకుండా పడుంటుంది. ప్రాజెక్టులోని మోటారు తిరగబోయిన ప్రతిసారీ ఠంచనుగా మొదటికొస్తోందంటే చిప్ నిక్షేపంగా ఉన్నట్టే. రీసెట్ పిన్ 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ మీదుగా 5 వోల్టులకు కట్టి ఉంటుంది. మల్టీమీటరు పెడితే అక్కడ 5 చూపించాలి. చూపిస్తే సప్లై సంగతి చూడాలి: మోటారుకు కూడా బోర్డు మీది 5 వోల్టుల పిన్ నుంచే కరెంటు లాగితే వోల్టేజీ కుంగుతుంది, 2.7కి దిగేసరికి బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ చిప్‌ను రీసెట్‌లో పెట్టేస్తుంది. ఇక సీరియల్ మానిటర్ తెరవగానే రీసెట్ అవడం రోగమే కాదు. ప్రోగ్రాము ఎక్కించడానికి వీలుగా డీటీఆర్ లైనును 100 నానోఫారడ్ కెపాసిటర్‌తో రీసెట్ పిన్‌కు కలిపిన ఏర్పాటది. రాయుడు దాన్నీ రిపేరు చేయబోతాడు.

"నొక్కాక పనిచేసిందిగా?" అంటారు అతని అభిమానులు. పనిచేస్తుంది, మోటారు ఇంకా ఆన్ కాలేదు కనుక. ఆ లోపే రాయుడు ఫోన్‌లో డెమో వీడియో తీసేస్తాడు. తెల్లారితే వైవా, మీటరు పట్టుకుని కూర్చునే తీరికెక్కడిదన్న వాదనా ఉంది. కోఠి దాకా బస్సులో పోయొచ్చే తీరికుంటే, రెండు ప్రోబులు ఆనించే తీరిక లేకపోయిందా? చివరికి కొత్త బోర్డు వస్తుంది. పాత వైర్లే, పాత మోటారే, అదే 5 వోల్టుల పిన్. అదీ మొదటికొచ్చేసరికి రాయుడికి అసలు దొంగ దొరికిపోతాడు: "షాపువాడు డూప్లికేటు అంటగట్టాడ్రా!"