దారిల ఉన్నం అన్నా!

నల్లగొండ జిల్లాలో గుర్రంపోడు పేరుతో ఒక మండలమే ఉంది. అయినా ఈ రోజుల్లో మా వైపు గుర్రాన్ని చూడాలంటే పెండ్లి బరాతే దిక్కు. బరాత్‌కు గుర్రమొస్తే వెంట గుర్రపాయన వస్తాడు. నల్లగొండలో ఒకాయన, మిర్యాలగూడలో ఒకాయన, జడ్చర్లలో ఒకాయన. ముఖాలే వేరు, మనిషి ఒక్కడే. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆధార్ కార్డులో భద్రంగా ఉంటుంది. లోకానికి మాత్రం ఆయన గుర్రపాయనే.

నడుము పైన జరీ కుర్తా, గులాబీ తలపాగా. నడుము కింద గళ్ల లుంగీ. పై సగం పెండ్లివారిది, కింది సగం ఆయనది. ఫోనెత్తగానే ఆయన నోట వచ్చే మొదటి మాట "దారిల ఉన్నం అన్నా!" ఆ మాట అనేటప్పుడు ఆయన మా వాడకట్టు చివర రేకుల కొట్టం ముందు బక్కెట్టు పట్టుకొని నిలబడి ఉంటాడు. గుర్రం ఇంకా డీసీఎం ఎక్కలేదు. ఎక్కడం సంగతి తర్వాత, అసలు దాణాయే తినలేదు.

వంశం సంగతి ఎత్తితే ఆయనకు పొద్దు తెలియదు. "మా ముత్తాత వనపర్తి రాజా కొలువుల ఉండె" అంటాడు. వనపర్తి సంస్థానానికి గుర్రపు దళం ఉన్నమాట నిజమే. అందులోని ఆఫ్రికా సిపాయిలు తర్వాత నిజాం కొలువుకు చేరారు. ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్‌గా మిగిలింది. ఆ చరిత్రలో ముత్తాత ఎక్కడున్నాడో గానీ, చెప్పినప్పుడల్లా ఆయనకు ఒక ప్రమోషన్ వస్తుంది. పోయిన మాఘంలో గడ్డి కోసేవాడు, శ్రావణం వచ్చేసరికి సుబేదారు!

అంతటి సుబేదారు మునిమనవడు పొద్దుగూకితే బక్కెట్టును చూసి వణుకుతాడు.

ఆయన తెల్ల గుర్రం పేరు బాద్షా. బరాత్‌లో దానంత నెమ్మదైన జీవం లేదు. చెవి పక్కన డీజే మోగినా, కాళ్ల దగ్గర పటాకులు పేలినా, నూరు కిలోల పెండ్లికొడుకు జీను మీద ధభాలున కూలబడినా ఊఁ అనదు. ఇంటికొచ్చి ఉలువల వాసన తగిలిందంటే మాత్రం వేరే అవతారం. చెవులు వెనక్కి వాలి మెడకు అతుక్కుంటాయి. ముందుకాలు నేల గీరుతుంది, వెనకకాలు రేకు మీద ధన్‌మని పడుతుంది. దగ్గరికి పోతే చొక్కా చేతులు దాని పండ్ల సందున మిగులుతాయి. "ఆగు తండ్రీ, పెడ్తున్న, పెడ్తున్న!" అని దండం పెడుతూ ఈయన బక్కెట్టును లోపలికి నెట్టి ఉరుకుతాడు. తంతే గారెల బుట్టలో పడ్డట్టు అన్న సామెత మనకు ఎప్పుడో కలిసొచ్చే అదృష్టం, బాద్షాకు రోజువారీ లెక్క.

వాడకట్టు ఊరుకుంటుందా? దిష్టి అన్నారు ఒకరు. కొట్టానికి నిమ్మకాయల దండ కట్టారు. బాద్షా ముందు దాన్ని నమిలి ఉమ్మి, తర్వాత బక్కెట్టు మీదికి వచ్చింది. "రెండు తగిలియ్, అదే దారికొస్తది" అన్నారు ఇంకొకరు. తగిలించాడు. ఆ మరునాటి నుంచి బక్కెట్టు లేకున్నా సరే, ఆయన కనిపిస్తే చాలు చెవులు వెనక్కి పోయేవి.

చివరికి పశువుల డాక్టర్ వచ్చాడు. గుర్రం నోరూ పండ్లూ పొట్టా తడిమి చూసి, గుర్రపాయన వైపు తిరిగాడు.

"దీనికి ఎన్ని గంటలకు పెడ్తవ్?"

"బుకింగ్‌ను బట్టి సార్."

"మరి గడ్డి?"

"బుకింగ్ లేనినాడు, సార్."

డాక్టర్ తల పట్టుకున్నాడు. గుర్రం ఒళ్లు పెద్దదే గానీ కడుపు సంచి చిన్నది. బయట వదిలితే రోజుకు 16 గంటల దాకా కొంచెం కొంచెం మేస్తూనే ఉంటుంది. తిన్నా తినకున్నా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. పొద్దంతా గడ్డిపోచ లేకుండా కట్టేసి, రాత్రికి ఒక్కసారే ఉలువలు చూపిస్తే తన్నక ఏం చేస్తుంది? ఆబగా మింగి శూల వస్తే కక్కుకునే దారి కూడా లేదు. గుర్రం వాంతి చేసుకోలేదు.

"ముహూర్తాలకు మూఢముంటది గని కడుపుకుంటదానయ్యా?" అన్నాడు డాక్టర్. 300 కిలోల గుర్రానికి రోజుకు 6 కిలోల దాకా ఎండుమేత, నాలుగైదు సార్లుగా, వేళకు. ముందు గడ్డి, ఆ తర్వాతే ఉడికిన ఉలువలు, అవీ కొద్దికొద్దిగా. "బక్కెట్టు పట్టుకొని తన్ను అందనంత దూరంల నిలబడు. తన్నినంతసేపు పెట్టకు, తిట్టకు, కొట్టకు. ఒక అడుగు ఎనుకకు ఏసి చెవులు ముందుకు తెచ్చిందా, అప్పుడే పెట్టు. మొదట్ల ఇంకా ఎక్కువ తంతది. బుగులుపడి పెట్టినవనుకో, గట్టిగ తంతెనే దొరుకుతదని నేర్చుకుంటది."

మొదటి రాత్రి రేకు మోత ఆగేసరికి వాడకట్టంతా లేచి కూర్చుంది. మధ్యలో పెండ్లివారి ఫోను. బక్కెట్టు దించకుండానే ఎత్తాడు: "దారిల ఉన్నం అన్నా!" కొన్నాళ్లకు మోత తగ్గింది. బాద్షా రెండడుగులు వెనక్కి వేసి, చెవులు నిక్కబొడిచి, బరాత్‌లో ఉన్నంత మర్యాదగా నిలబడసాగింది.

మొన్న మా చుట్టాల పెండ్లికి ఈయనే వచ్చాడు. బరాత్ అయ్యేసరికి రాత్రి రెండు గంటలు. పెండ్లివారంతా తిని చేతులు కడుగుతున్నారు, గుర్రపాయనను పలకరించినవాడు లేడు. చూస్తుండగానే ఆయన తలపాగా వెనక్కి జరిగింది, కాలు నేలను గీరింది. "నడిబజార్ల గుర్రాన్ని ఇడిసిపెట్టి పోతున్న, మీరే చూసుకోండి!" అని ఒక్క కేక. పిల్ల మేనమామ బిర్యానీ ప్లేటుతో ఉరికొచ్చాడు. వెనక బాద్షా మాత్రం ఎండుగడ్డి నములుతూ నిమ్మళంగా నిలబడి ఉంది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. కాబట్టి మీ ఇంట పెండ్లుంటే ఇంత చేయండి. గుర్రానికి గడ్డి పెట్టినంకనే బయలుదేరమని ముందే చెప్పండి. ముద్దొస్తుందని పిల్లలు దాని నోటికి లడ్డూలు అందిస్తే వారించండి, చెయ్యి కొరకడం అది నేర్చుకునేది అక్కడే. గుర్రపాయనకు మాత్రం బరాత్ మొదలు కాకముందే, ఆయన చెవులు ముందుకున్నప్పుడే, ఇంత బువ్వ పెట్టండి.