తలంటు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: పూర్వం ఈ పద్యానికి వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది. పెరట్లో కాగు, కాగు కింద కొబ్బరిమట్టల మంట, పక్కన పీట, పీట మీంచి పారిపోవడానికి సందు చూసే పిల్లవాడు, వాడి జుట్టు పిడికిట్లో బిగించిన నాయనమ్మ ఉండగా పద్యం దానంతటదే అర్థమయ్యేది. ఇప్పుడు పీట పోయి షవరు వచ్చింది. సహజ పద్ధతిలో తల రుద్దుకోవాలని కొత్తగా ముచ్చటపడేవారు పద్యం సగం చదివి, మిగతా సగానికి జుట్టుతో మూల్యం చెల్లిస్తున్నారు. వారి కోసం ఈ టీక.

ఆ. నూనె రాసి నాన నుంచిన తలపైన
కుంకుడురస మెంచి కొంచె మద్ది
కళ్ళు మూసికొనుచు గల్లుప్పు నోటిలో
నుంచి తోమి కడుగు నుత్తముండు

ప్రతిపదార్థం: నూనె రాసి = నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని మాడుకు ఇంకేలా పట్టించి; నానన్ ఉంచిన = ఇడ్లీ రెండో వాయి దిగేదాకా అలా వదిలేసిన; తలపైన = తన తలమీద (ఇతరుల తల అయితే గట్టిగా పట్టుకొని, అని అధ్యాహారం); కుంకుడురసము = గింజ తీసేసిన కుంకుడు పెచ్చుల్ని వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టిన పులుసును; ఎంచి = జుట్టు ఎంతుందో చూసుకొని; కొంచెము అద్ది = ఒక్కసారి కుమ్మరించక; కళ్ళు మూసికొనుచున్ = ఎవరు పిలిచినా తెరవక; కల్లుప్పు = రాళ్ళ ఉప్పును; నోటిలోన్ ఉంచి = బుగ్గన పెట్టుకొని; తోమి = వేళ్ళతో రుద్ది; ఉత్తముండు = బుద్ధిమంతుడు; కడుగున్ = కడుగుకొనును.

తాత్పర్యం: ముందు నూనె, తర్వాత కుంకుడు. తక్కినదంతా పరివారం.

విశేషాలు: పద్యం నూనెతో మొదలైంది యతి కోసమే అనేవారున్నారు. వారికి ఛందస్సు తెలుసేమో గాని తలంటు తెలియదు. కుంకుడు పెచ్చులో ఉండే నురగ సరుకును శాస్త్రజ్ఞులు సపోనిన్లంటారు. దాని అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీళ్ళను పట్టుకుంటుంది. నీళ్ళు జారిపోతూ జిడ్డును వెంట తీసుకుపోతాయి. షాంపూలో సోడియం లారిల్ సల్ఫేటు చేసే పని కూడా ఇదే. కాబట్టి చెట్టుకు కాసింది కదా, సాధువై ఉంటుందని కుంకుడును నమ్మరాదు. కంసాలి నగల మురికి వదలగొట్టేదీ, ఇల్లాలు పట్టుచీర ఉతికేదీ దీనితోనే. రాసుకున్న నూనెకూ మాడులో ఊరే నూనెకూ అది భేదం పాటించదు, దొరికినదల్లా లాగేస్తుంది. అందుకే పెద్దలు ముందుగా దానికి మేతగా కాస్త నూనె పడేశారు. ఆ మేత లేకుండా పొడి జుట్టుకు చిక్కటి పులుసు పట్టిస్తే జుట్టు కొబ్బరిపీచులా లేచి నిలబడుతుంది. అప్పుడు “మాకు కుంకుడు పడలేదండీ” అంటారు. పడనిది కుంకుడు కాదు, వదిలేసిన మొదటి పాదం.

కఠినజలం విషయంలో మాత్రం కుంకుడు గొప్పతనాన్ని ఒప్పుకోవాలి. బోరునీళ్ళలో సబ్బు రుద్దితే నీటిలోని కాల్షియంతో కలిసి తెట్టు కట్టి, వెంట్రుకలకు అంటుకుంటుంది. కుంకుడు అలా విరగదు. ఊరంతా ఉప్పునీళ్ళే అయినా నురగ ఇస్తుంది. (లిచీపండు దీనికి చుట్టమే, ఇద్దరిదీ ఒకే కుటుంబం. ఆ రుచి ఈ ఇంటికి రాలేదు.)

“నోటిలో నుంచి” అన్నచోట పాఠకులు తికమక పడతారు. నోట్లోంచి తోమడం కాదు, నోటిలో ఉంచుకుని తోమడం. సరే, కంట్లో కుంకుడు పులుసు పడితే నోట్లో ఉప్పు దేనికి? దీనికి శాస్త్రంలో ఆధారం లేదు. మంట తగ్గించేది చెంబుడు మంచినీళ్ళే, ఉప్పు కాదు. అయినా ఈ ఆచారం ఇన్ని తరాలు నిలిచిందంటే కారణం ఉండాలి. నోట్లో ఉప్పుకల్లు ఉన్న పిల్లవాడు నోరు తెరిచి ఏడవలేడని నా వ్యాఖ్య.

కర్త విషయం. పద్యంలో కర్త “ఉత్తముండు” ఒక్కడే. కుంకుళ్ళు రాతిమీద చితక్కొట్టి నల్లగింజలు ఏరినవారు, కాగు కింద పొగలో ఊదినవారు, పులుసు వడగట్టినవారు, ఆఖరున సాంబ్రాణి వేసినవారు పద్యంలో లేరు. వారంతా ఆడవాళ్ళు కావడం వల్ల ఉత్తముడికి కనపడలేదు. 1983లో కడలూరులో మొదలైన చిక్ వంటి సంస్థల షాంపూ సాచెట్లు చిల్లరకొట్ల ముందు దండలుగా వేలాడాక వీరిలో చాలామందికి శనివారం పొద్దున ఒక గంట మిగిలింది. షాంపూను తిట్టేవారు ఆ గంటను ఎవరి ఖాతాలో రాస్తారో చెప్పాలి.

పాఠాంతరాలు: కొన్ని ప్రతుల్లో కుంకుడు స్థానంలో శీకాయ కనిపిస్తుంది. ఇది ఆమోదయోగ్యం. నురగ తక్కువ, కాని శీకాయ నీళ్ళకు కాస్త పులుపు గుణం ఉంది. మాడు గుణమూ కాస్త పులుపే కనుక ఇద్దరికీ సఖ్యత. బరక పొడి మాత్రం మూడు రోజులదాకా దువ్వెనలో రాలుతూ ఉంటుంది. మందారాకు, మెంతులు చేర్చిన పాఠమూ ఉంది. వాటి జిగురు వెంట్రుకను నునుపు చేస్తుంది గాని జిడ్డును పెద్దగా వదిలించదు. మందారాకు ఒక్కటే రుద్దుకుని తలస్నానమైందనేవారి పక్కన బస్సులో కూర్చుంటే విషయం బోధపడుతుంది.

వంటసోడా, వెనిగర్ పాఠం ప్రక్షిప్తం. సోడా నీళ్ళు క్షారం. క్షారం తగిలితే వెంట్రుక మీది పొలుసులు లేచి, జుట్టు గరుకెక్కి చిక్కుపడుతుంది. పోనీ అని రెండూ ఒకే చెంబులో కలిపితే బుసబుసా పొంగుతుంది. చూసేవారికి ఉత్సాహమే, కాని ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు. అది ఎగిరిపోయాక మిగిలేది సోడియం అసిటేటనే లవణం కలిసిన నీళ్ళు. సోడా మిరపకాయ బజ్జీలకు ఉంచుకోవడం మేలు.

నిల్వ గురించి పద్యం మౌనం వహించింది. కుంకుడు పులుసు ఏ పూటకాపూట తీసుకోవలసిందే. బయట ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పులిసి వాసనేస్తుంది. ఫ్రిజ్జులో పెడితే ఇంకొన్నాళ్ళు ఆగుతుంది, కాని అక్కడ వేరే ప్రమాదం. పేరులోనే పులుసు ఉంది, రంగు చూస్తే అచ్చం చింతపండు రసమే. పైగా పనినుంచి ఆలస్యంగా వచ్చి, లైటు వేయకుండా ఫ్రిజ్జు తెరిచి అన్నం కలుపుకునేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కనుక గిన్నె మీద చీటీ అతికించాలి. ఆ చీటీ మీద ఏం రాయాలన్న దగ్గర మాత్రం కుంకుడు మతంవారూ, శీకాయ మతంవారూ ఏకవాక్యతతో ఉన్నారు: “ఇది చారు కాదు”.