చిల్లుపడ్డ గిటార్ చెప్పుకున్న కథ

ఇది ఆత్మకథే, కానీ ఇందులో ‘నేను’ ఉండదు. యాభయ్యేళ్లకు పైగా ఒక గాయకుడి ఛాతీకి ఆనుకుని బతికిన గిటార్, తన సంగతి చెప్పుకోవాలన్నా పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టే చెబుతుంది. కాబట్టి ట్రిగర్ తనను తాను ట్రిగర్ అనే పిలుచుకుంటుంది.

పుట్టింది అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నజరెత్ ఊళ్లో, మార్టిన్ కంపెనీ కార్ఖానాలో. మోడల్ ఎన్-20. ముఖానికి సిట్కా స్ప్రూస్ చెక్క, వీపుకూ పక్కలకూ బ్రెజిల్ రోజ్‌వుడ్. బ్రెజిల్ తన దుంగల్ని బయటికి పోనివ్వడం ఆపేసరికి, 1969 ప్రాంతంలోనే మార్టిన్ వాళ్లు భారతదేశపు రోజ్‌వుడ్‌కు మారారు. ఇంకాస్త ఆలస్యంగా పుట్టి ఉంటే ట్రిగర్ ఒంట్లో దక్షిణాది అడవుల చెక్క ఉండేది. జాతి చూస్తే క్లాసికల్ గిటార్. హెచ్చు స్వరాల మూడూ నైలాన్ తీగలు, మంద్ర స్వరాల మూడూ లోహం చుట్టినవి. వేళ్లతో మృదువుగా మీటడానికి చేసినది. బీరు సీసాలు దొర్లే టెక్సస్ డాన్సు హాళ్లలో దానికి పని లేదు.

ఆ పని కల్పించింది ఒక తాగుబోతు. 1969లో టెక్సస్‌లోని హెలోటిస్ అనే ఊళ్లో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ కచేరీ చేస్తుంటే, ఎవడో తూలుతూ వచ్చి ఆయన బాల్డ్విన్ గిటార్ మీద కాలేశాడు. నాష్‌విల్‌లో షాట్ జాక్సన్ అనే ఆయన దగ్గరికి మరమ్మతుకు పంపితే, ఇది బాగుపడేది కాదు, నా దగ్గర ఒక మార్టిన్ ఉంది, 750 డాలర్లు అన్నాడు. విల్లీ దాన్ని కళ్లతో చూడకుండానే కొనేశాడు. తీగల మోతను ఆంప్లిఫయర్‌కు అందించే పికప్‌ను బాల్డ్విన్‌లోంచి ఊడదీసి మార్టిన్‌లో బిగించారు. అంటే ట్రిగర్ గొంతు సగం అరువుదే. పేరు కూడా అరువే. సినిమా కౌబాయ్ రాయ్ రోజర్స్ గుర్రం పేరది. ఆ గుర్రం 1965లో చచ్చిపోతే చర్మం ఒలిచి, బొమ్మలా నిలబెట్టి మ్యూజియంలో పెట్టారు. ట్రిగర్‌కు అలాంటి యోగం అక్కర్లేదు.

కొన్న కొత్తల్లోనే టెనెసీలో విల్లీ ఇల్లు తగలబడింది. ఆయన మంటల్లోకి పరిగెత్తి రెండే రెండు వస్తువులు బయటికి తెచ్చాడు: ఒకటి ట్రిగర్, రెండోది గంజాయి సంచీ. ఏది ముందు తీశాడో ట్రిగర్ అడగలేదు. 1990లో పన్నుల బకాయి కింద ఆస్తులన్నీ జప్తు అయినప్పుడు, కూతురు లానా చేత ట్రిగర్‌ను హవాయికి తెప్పించుకున్నాడు. ఇల్లూ పొలమూ పోయినా మళ్లీ కొనుక్కోవచ్చు, ఈ గిటార్‌ను కొనలేమని ఆయన లెక్క.

ఇక అందరూ అడిగేది చిల్లు సంగతి. క్లాసికల్ గిటార్‌కు చెక్క గీసుకుపోకుండా కాపాడే పిక్‌గార్డ్ ఉండదు, ఎందుకంటే దాన్ని పిక్‌తో వాయించరు. విల్లీ వాయిస్తాడు. పిక్ కొసా చిటికెన వేలి గోరూ కలిసి ఏళ్ల తరబడి గీకగా గీకగా, సహజంగా ఉండే గుండ్రటి రంధ్రం పక్కనే ఇంకోటి పడింది. తొంగి చూస్తే లోపలి చెక్కపట్టీలు కనిపిస్తాయి. ఆస్టిన్‌లో మార్క్ ఎర్లివైన్ అనే గిటార్ల కారీగరు 1977 నుంచి వైద్యం చేస్తున్నాడు. పల్చబడ్డచోట లక్క పూత పూస్తాడు, లోపల దన్ను పెడతాడు, చిల్లు మాత్రం పూడ్చడు. పూడిస్తే గొంతు మారిపోతుంది. మిగిలిన చెక్క మీద వందకు పైగా సంతకాలున్నాయి. ఆ ముచ్చట రాక్ పియానో వాయించే లియాన్ రస్సెల్‌తో మొదలైంది. తన గిటార్ మీద సంతకం చెయ్యమని ఆయన విల్లీని అడిగాడు. విల్లీ మార్కర్ తీస్తే, అలా కాదు, చెరిగిపోకుండా చెక్కు అన్నాడు. బదులుగా ట్రిగర్ మీద ఆయన చెక్కాడు.

ఒంటి సంగతి అలా ఉంచితే, ట్రిగర్‌కు చెప్పాలని ఉన్న విషయం ఇంకొకటుంది. పెద్ద పాటగాడు తన పాత పాటను కుర్ర రాక్ వాయిద్యగాళ్లతో మళ్లీ పాడటం. పాట పాతదే, గొంతు పాతదే, చుట్టూ చప్పుడు మాత్రం కొత్తది. చాలాసార్లు ఇది బెడిసికొడుతుంది. కుర్రవాళ్లు మరీ భక్తితో ఒదిగిపోయి వాయించడం మర్చిపోతారు, లేదా పెద్దాయనకు కుర్ర చొక్కా తొడుగుతారు. ట్రిగర్ రెండు రకాలూ చూసింది.

విల్లీ పాటల్లో కొన్ని ట్రిగర్ కంటే వయసులో పెద్దవి. హ్యూస్టన్‌లో అప్పులతో సతమతమైన రోజుల్లో ఆయన ‘నైట్ లైఫ్’ పాటను 150 డాలర్లకూ, ‘ఫ్యామిలీ బైబిల్’ను 50 డాలర్లకూ హక్కులతో సహా అమ్మేశాడు. 1964లో మాన్యుమెంట్ రికార్డుల కంపెనీకి ‘ఐ నెవర్ కేర్డ్ ఫర్ యూ’ పాడాడు. టెక్సస్‌లో జనం ఆదరించారు, మిగతా దేశం పట్టించుకోలేదు. విచిత్రమైన పాట అది. సూర్యుడి గురించీ ఆకాశం గురించీ మొదట అన్నీ పచ్చి అబద్ధాలు చెప్పి, అదే ఊపులో నిన్నెన్నడూ ప్రేమించలేదంటాడు. వినేవాడికి లెక్క తెలిసిపోతుంది. అది పాడేనాటికి విల్లీకి 31 ఏళ్లు. ట్రిగర్ ఇంకా పుట్టలేదు.

మళ్లీ ఆ పాట చేతికొచ్చింది 1998లో. విల్లీకి 65. కెనడా నుంచి వచ్చిన డానియల్ లాన్వా నిర్మాత. యూటూ, పీటర్ గేబ్రియల్, బాబ్ డిలన్‌ల ఆల్బమ్‌లకు పనిచేసినవాడు, విల్లీ కంటే 18 ఏళ్లు చిన్న. కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో పాత సినిమా హాలు ఒకటి ఉంటే దాన్నే స్టూడియోగా మార్చుకున్నాడు. ఆల్బమ్ పేరు కూడా ఆ హాలు పేరే, ‘తెయాత్రో’. 1960ల నాటి ‘త్రీ డేస్’, ‘డార్క్‌నెస్ ఆన్ ది ఫేస్ ఆఫ్ ది ఎర్త్’ లాంటి పాటలు ఏరి తెచ్చారు. గాయని ఎమీలూ హారిస్ జతగొంతు కలిపింది. విల్లీ అక్క బాబీ కీబోర్డు దగ్గర, మిక్కీ రాఫెల్ హార్మోనికాతో. జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ కెమెరాతో అదంతా తీశాడు.

లాన్వా చేసిన అసలు పని డ్రమ్ముల దగ్గర ఉంది. ఒకరు కాదు, ఇద్దరు డ్రమ్మర్లను కూర్చోబెట్టాడు. లాటిన్ దరువుల పోకడ, నేల అదిరేంత దట్టంగా. నాష్‌విల్ కంట్రీ సంగీతపు పెద్దలు ఇదే విల్లీకి ఒకప్పుడు వయొలిన్ల గుంపునూ కోరస్‌నూ తగిలించి, తాళానికి సరిగ్గా పాడవయ్యా అని విసుక్కునేవారు. విల్లీ తాళానికి సరిగ్గా పాడడు. మాటను ఒకసారి ముందే వదిలేస్తాడు, ఒకసారి దరువు దాటిపోయాక తాపీగా అందుకుంటాడు. మన కచేరీల్లో అతీతం, అనాగతం అని లెక్క కట్టి చేసేది ఆయనకు మాట్లాడినంత మామూలు. తాళం పల్చగా ఉంటే అది తప్పులా వినిపిస్తుంది. ఇద్దరు డ్రమ్మర్లు బరువంతా మోస్తుంటే మాత్రం పాటగాడు ఎక్కడ తిరిగొచ్చినా ఇబ్బంది లేదు. ముప్పై నాలుగేళ్లుగా ఆ పాటకు కావలసింది అదేనని ట్రిగర్ గట్టి నమ్మకం.

ఇంకో మాట, ఇందులో కాస్త స్వోత్కర్ష ఉంది. ఆ ఆల్బమ్ మొదలయ్యేది పాటతో కాదు, ట్రిగర్‌తో. యూరప్ జిప్సీ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ వాయించిన పాత బాణీ అది. 1928లో నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్లు కొంకర్లుపోతే, మిగిలిన రెండింటితోనే తన వాదనాన్ని మళ్లీ కట్టుకున్నాడు. విల్లీకి ఆయన దేవుడు. ఉక్కు తీగల కంట్రీ గిటార్లను వదిలి నైలాన్ తీగల పెట్టెను ఇన్నేళ్లు మోయడానికి జాంగో నాదం మీది మోజు ఒక కారణం. ‘ఐ నెవర్ కేర్డ్ ఫర్ యూ’లో డ్రమ్ముల మీదుగా ట్రిగర్ పొడిపొడిగా, కాస్త కరుగ్గా వినిపిస్తుంది. స్వరం పుట్టీపుట్టకముందే ఆగిపోతుంది. చిల్లుపడ్డ చెక్క మోగే తీరు అది. 31 ఏళ్లవాడు ఆ అబద్ధాలు చెబితే పౌరుషం అనుకుంటారు. 65లో చెబితే ఆమె పేరు ఇంకా మర్చిపోలేదనుకుంటారు.

ఈ దారిలో విల్లీ ఒక్కడే లేడు. ఆయనతో ‘హైవేమెన్’ బృందంలో పాడిన జానీ క్యాష్ 1996లో ‘అన్‌చెయిన్డ్’ చేశాడు. వెనక వాయించింది టామ్ పెటీ, అతని హార్ట్‌బ్రేకర్స్ రాక్ బృందం. 1950ల నాటి తన ‘మీన్ ఐడ్ క్యాట్’ను క్యాష్ అందులో మళ్లీ పాడాడు. ఆ ఆల్బమ్‌కు ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది.

2000లో విల్లీ ఆల్బమ్ ‘మిల్క్ కౌ బ్లూస్’ వచ్చింది. హ్యూస్టన్ రోజుల ‘రెయినీ డే బ్లూస్’ కోసం ఈసారి పక్కన నిలబడ్డది జానీ లాంగ్. వయసు 19. పాట అతని కంటే ఇరవయ్యేళ్లు పెద్దది. ఎలక్ట్రిక్ గిటార్ తీగను సాగదీసి ఏడిపిస్తాడు, గొంతు చూస్తే అరవయ్యేళ్ల బ్లూస్ గాయకుడిది. ట్రిగర్‌కు తీగలు సాగదీయడం రాదు, నైలాన్ అంత దూరం పోదు. అందుకని అతను వదిలిన ఖాళీల్లో నాలుగేసి స్వరాలు పొడిచి ఊరుకుంది. ఆరేళ్ల తర్వాత రాక్ గాయకుడు ర్యాన్ ఆడమ్స్ తన కార్డినల్స్ బృందంతో విల్లీకి ‘సాంగ్‌బర్డ్’ ఆల్బమ్ చేసినప్పుడు మళ్లీ అదే పాట. దానితోపాటు 1973 నాటి ‘శాడ్ సాంగ్స్ అండ్ వాల్ట్‌జెస్’ కూడా. బృందం గట్టిదే, కానీ కొన్నిచోట్ల చుట్టూ చప్పుడు ఎక్కువై ట్రిగర్ ఎక్కడుందో చెవి పెట్టి వెతుక్కోవాలి. ఇది దాని ఫిర్యాదు. విల్లీ అలాంటివి పట్టించుకోడు.

ఇప్పుడు కుర్ర రాక్ వాయిద్యగాళ్లను బయట వెతకాల్సిన అవసరం లేకుండా ఇంట్లోనే తయారయ్యారు. విల్లీ కొడుకు లూకస్ సొంత రాక్ బృందంతో రాక్ గాయకుడు నీల్ యంగ్ వెనక వాయించినవాడు. చిన్నవాడు మైకా 2024లో నీల్ యంగ్ క్రేజీ హార్స్ బృందంతోనే తిరిగాడు. ఇద్దరూ వీలున్నప్పుడల్లా తండ్రి వేదిక మీదికి వస్తారు. 2022లో బాబీ పోయాక పియానో పక్కన వెలితి ఉంది గానీ, గిటార్లకు కరువు లేదు. లూకస్ ‘టెక్సస్ ఫ్లడ్’ అనే బ్లూస్ పాట అందుకున్నాడంటే ఆంప్లిఫయర్ గొంతు చించుకుంటుంది. తొంభై దాటిన విల్లీ పక్కన కూర్చుని వింటాడు. ట్రిగర్ లయ కొడుతూ ఉంటుంది. కుర్రాడు సోలో ముగించి తలెత్తి చూడగానే పిక్ మళ్లీ చిల్లు అంచుకు తగులుతుంది, తర్వాతి వంతు ట్రిగర్‌ది.