సాఫ్ట్‌వేరు సంబంధము

నిజాంపేటలో 'సాఫ్ట్‌వేరు సంబంధము' అనగా ఏమో ఎఱుగనివారు లేరు. జేఎన్‌టీయూ కూడలి మొదలు బాచుపల్లి దాక బారులు తీరిన అపార్టుమెంటులలో ఏ తలుపు తట్టినను, ల్యాప్‌టాపు సంచి భుజమున వేసికొన్న వరుడో, అట్టి వరుని కన్న తల్లిదండ్రులో బయటకు రాక మానరు. కాని గడచిన వేసవినుండి మా యింట జరుగుచున్న సంబంధాన్వేషణము వేఱు జాతికి చెందినది. ఇంటర్మీడియట్ చదువుచున్న మా మనుమడు తాను కంప్యూటరుపై ఆడు ఆటలను రికార్డు చేసి, కత్తిరించి, అతికించి, లోకమునకు చూపదలచి, అందుకు తగిన సాఫ్ట్‌వేరును వెదకుచున్నాడు. కళాశాలలో ముప్పది యేండ్లు తెలుగు చెప్పి ఇంట కూర్చున్న నాకు ఆ యన్వేషణమున పెండ్లిపెద్ద పదవి దక్కినది. ఆ పదవివలన సంపాదించిన అనుభవమును, ఇదే పనికి పూనుకొనబోవు పిల్లల కొఱకును, వారి ప్రక్క గదిలో నిద్రపట్టని తాతల కొఱకును, ఇచట శాస్త్రరూపమున కూర్చుచున్నాను.

మొట్టమొదట పాటింపవలసిన నియమమేమనగా, ఎన్నిక ముగియకమునుపు ఒక్క నిమిషమైనను రికార్డు చేయరాదు. పిల్లను చూడకయే శుభలేఖలు అచ్చువేయించుట యెంత అనుచితమో ఇదియు నంతే. ఎక్సెల్‌లో ఒక పట్టిక గీసి, అడ్డువరుసలలో సాఫ్ట్‌వేరుల పేర్లును నిలువువరుసలలో వాని గుణములును నింపి, ఒక్కొక్క గుణమునకు పదికి ఇన్ని మార్కులని వేసి కూడవలయును. మనస్సునకు నచ్చినది ఓడిపోయినచో మార్కులు దిద్ది మరల కూడవలయును. మావాని పట్టికలో ఇప్పటికి పదునాలుగు నిలువువరుసలున్నవి. పదునాలుగవదాని శీర్షిక 'ఐకాన్ బాగుందా'.

ఇంటిలో మేనరికము సిద్ధముగా నున్నచో దానిని చూడనట్లు నటింపుడు. విండోస్ 10తో పాటు 2015లోనే గేమ్ బార్ అను సాధనము ఇంటింటికి ఉచితముగా వచ్చి కూర్చున్నది; విండోస్ మీటను, జీ మీటను కలిపి నొక్కినచో ప్రత్యక్షమగును. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు గలవారికి 2013 నుండి షాడోప్లే కలదు. అది తెరవెనుక మౌనముగా కనిపెట్టుకొని యుండి, మనము అద్భుతముగా ఆడి ముగించిన పిమ్మట మీట నొక్కినను, జరిగిపోయిన నిమిషములను వెనుకకు పోయి పట్టి తెచ్చి చేతబెట్టును. ఈ పనికై కార్డులోనే ప్రత్యేకముగా ఒక విభాగమును 2012 నుండి అమర్చుచున్నారు గావున ఆట నడక అంతగా కుంటుపడదు. ఆ సంస్థకు మన నగరమునను కార్యాలయము కలదు. ఉదయము ఎనిమిదింటికి నిజాంపేట రోడ్డుపై మనకు అడ్డముగా కారు దూర్చినవాడు ఆ విభాగమును పరీక్షించు ఇంజనీరే యై యుండవచ్చును. ఇంత దగ్గర, ఇంత సులభముగా దొరకుచున్నదను కారణముననే అది పనికిరాదు. గేమ్ బార్ డెస్క్‌టాపును, ఫైళ్ల కిటికీని రికార్డు చేయదను లోపమును పట్టుకొని, ఆ రెంటిని రికార్డు చేయవలసిన అక్కఱ జన్మలో రాకున్నను, సంబంధము తప్పించుకొనుటకు దానినే సాకుగా చెప్పుడు.

పిదప, ఉచితమని పిలిచి పేరు చెక్కువారి సంగతి. మా పెండ్లికి వచ్చిన స్టీలు గిన్నెలపై ఇచ్చినవారి పేర్లు చుక్కలుచుక్కలుగా కొట్టించి యున్నవి. ఇచ్చినవారిలో సగముమంది గతించినను, నేను మజ్జిగ పోసికొన్నప్పుడెల్ల వారి పేరు చదువక తప్పదు. బాండీకామ్ డబ్బు కట్టనివారికి పది నిమిషములు మాత్రమే రికార్డు చేయనిచ్చి తెర పైభాగమున తన పేరు వేసికొనును. ఫిల్మోరా తానెగుమతి చేయు ఉచిత వీడియోపై తన ముద్ర కొట్టును. 1999 నాటి వృద్ధవరుడగు ఫ్రాప్స్ ముప్పది సెకనుల వద్దనే ఆగిపోవును. గుడిలో పంకా రెక్కలపై దాత పేరు వ్రాయింతురు గాని పంకా తిరుగునంతసేపైనను ఆ పేరు కనబడదు. ఇచట దృశ్యము తిరుగునంతసేపు పేరే కనబడుచుండును. పైభాగము కత్తిరించిన చాలుగదా యని మావాని మిత్రుడొకడు ఉపాయము చెప్పెను. అట్లే కత్తిరింపగా పేరుతో పాటు, ఇంకెందఱు శత్రువులు మిగిలిరో తెలుపు అంకెయు పోయి, చూచువారికి ఆ యుద్ధము ఎందులకు జరుగుచున్నదో తెలియకపోయెను.

కట్నము వలదనువానిని మాత్రము మిక్కిలి శంకింపవలయును. ఓబీఎస్ స్టూడియో అని ఒకటి కలదు. 2012లో హ్యూ బెయిలీ అనునతడు మొదలిడినది. వెల లేదు, ముద్ర లేదు, గడువు లేదు. దాని సోర్సు కోడు సైతము, గోత్రప్రవరలను వీధి గోడకు అంటించినట్లు, ఎవరైనను చదువుకొనునట్లు బహిరంగముగా నున్నది. ఇన్ని సుగుణములు గల వరుడు ఇంతకాలము మనకొఱకు ఖాళీగా నేల కూర్చున్నాడని ప్రశ్నింపుడు. పైగా క్రొత్తగా తెఱచినవారికి అందు నల్లని తెర తప్ప వేఱేమియు కనబడకపోవుట కలదు. ఏ దృశ్యమును పట్టవలయునో మనమే చెప్పవలయును. అంతియగాక రెండు గ్రాఫిక్స్ చిప్పులు గల ల్యాప్‌టాపులలో ఆట ఒక చిప్పుపై, ఓబీఎస్ రెండవదానిపై నడచినచో ఇద్దఱును వేర్వేఱు గదులలో కూర్చున్న వియ్యంకులవలె ఒకరి నొకరు చూచుకొనరు. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగులలో ఒక్క ఎంపిక మార్చినచో ఈ చీకటి సాధారణముగా విచ్చిపోవును. మీరా పని చేయకుడు. మూడుమారులు తొలగించి, మూడుమారులు మరల ఎక్కించి, నాలుగవ దినమున పట్టికలో 'నల్లతెర' అని క్రొత్త నిలువువరుస గీయుడు.

ఎడిటింగు సాఫ్ట్‌వేరు దగ్గరకు వచ్చుసరికి వంశమర్యాద ముఖ్యము. అడోబీ ప్రీమియర్ ప్రోను చేసికొన్నవారు, ప్రతి పండుగకు అల్లునికి బట్టలు పెట్టినట్లు, నెలనెలా చెల్లించుచుండవలయును. మానినచో అల్లుడు అలకపాన్పెక్కి తలుపు తీయడు. డావిన్చీ రిజాల్వ్ అట్లుగాదు. సినిమాలకు రంగులు దిద్దు యంత్రముల వంశమున పుట్టి, 2009లో ఆస్ట్రేలియా దేశపు బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఇంట చేరి, నేడు ఉచిత రూపమునను లభించుచున్నది. మన కంప్యూటరు మోయగలిగినచో దానికి మించినది లేదందురు. ఆటను తయారుచేసినవారు ఏండ్ల తరబడి శ్రమించి వేసిన గడ్డి పచ్చదనమును, మావాడు దానితో మూడు రాత్రులు కూర్చుండి మఱింత పచ్చగా చేసెను. 1957 నాటి 'మాయాబజార్' సినిమాలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులతోనే వెన్నెల కురిపించెనని నేను ప్రసంగవశమున చెప్పగా, తల యెత్తకయే వాడు, "ఆయన ఏ సాఫ్ట్‌వేర్ వాడాడు తాతయ్యా?" అని అడిగెను.

జాతకము చూపించుట మఱువకుడు. 2020 జూన్ 29న కేంద్రప్రభుత్వము 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు, అప్పటికి ఫోనుపై ఆటలను పట్టి దాచుచుండిన డీయూ రికార్డర్ వానిలో నుండెను. సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్ ఆటయే నిషిద్ధమయ్యెను. మొదట ఫోటోగ్రాఫరు పోయెను, రెండు నెలలకు పెండ్లికొడుకే పోయెను.

ఇక కొలతలు. తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును, అనగా 20,73,600. చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 60 చిత్రములు. ఈ లెక్కను నేను నిరుటి క్యాలెండరు కాగితము వెనుక వేసి చూడగా, కుదింపక దాచినచో ఒక్క నిమిషపు ఆటకు సుమారు 22 జీబీ తేలినది. హెచ్.264 పద్ధతిలో సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున కుదించినచో అదే 22 జీబీలో ఇంచుమించు ఒక గంట ఆట ఇముడును. ఈ రెంటి భేదమును ఫోను తెరపై కనిపెట్టగల కన్నులు మా వీధిలో ఎవరికిని లేవు గాన కుదించినదే చాలునని బుద్ధిమంతులందురు. మీరు వారి మాట వినక, బిట్ రేటు అంకె ప్రక్కన ఒక సున్న చేర్చి, డిస్కు నిండగనే జేఎన్‌టీయూ వద్ద మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోవలయును. మేమట్లే పోతిమి. అచట ఒక దుకాణదారుడు నా నెరసిన జుట్టును చూచి, "అంకుల్, హార్డ్ డిస్క్ ఎందుకు, ఎస్ఎస్‌డీ తీస్కోండి" అనెను. మావాడు మఱొక దుకాణమున ధర విచారించుచుండగా, ఏ సాఫ్ట్‌వేరు మంచిదని నేను రహస్యముగా అడిగితిని. "ఏదైనా ఒకటే అంకుల్, పిల్లగాడు మంచిగ ఆడుతడా?" అనెను. ఆ మాటను నేను ఇంటికి మోసికొని రాలేదు.

ఫైలు రూపమును గూర్చి ఒక స్వానుభవము. ఒక ఆదివారము మధ్యాహ్నము మావాడు ఏకధాటిగా రెండు గంటలాడి, తన జట్టున తానొక్కడే మిగిలి, ఎదుటి నలువురిని ఒకరి తరువాత ఒకరిగా కూల్చి, కుర్చీలోనుండి లేచి అఱచుచున్న క్షణమున కరెంటు పోయినది. మా అపార్టుమెంటు జనరేటరు మేలుకొనుటకు పది సెకనులు పట్టును. యూపీఎస్ బ్యాటరీ ఏనాడో స్వర్గస్థమైనందున కంప్యూటరునకు ఆ పదియే చాలినవి. ఫైలున్నది, దాని బరువున్నది, ఏ ప్లేయరును దానిని తెఱవదు. ఎంపీ4 ఫైలు తన విషయసూచికను సాధారణముగా రికార్డింగు మర్యాదగా ఆగినప్పుడే, చిట్టచివర వ్రాసికొనునట. వీలునామా వ్రాయకయే పోయిన జమీందారువలె, ఆస్తి అంతయు కన్నులయెదుట నుండగనే ఎవరికిని దక్కలేదు. ఎంకేవీ యట్లుగాక నడచినంత దూరమునకు లెక్క వ్రాసికొనుచు పోవును. నడుమ ప్రాణము పోయినను అంతవఱకు మిగులును. పిదప ఓబీఎస్‌లోనే రీమక్స్ అను సదుపాయముతో ఎంపీ4గా మార్చుకొనవచ్చును. వైరాగ్యము కోరువారు మొదటి మార్గమునే అవలంబింతురు గాక. మావాడు ఆ రాత్రి అన్నము తినలేదు.

కొందఱు రికార్డు చేయుట యేల, ప్రత్యక్షప్రసారమే చేయుదమందురు. అది అష్టావధానము. ఆట ఆడుచు, మాటలాడుచు, పొగడినవారికి కృతజ్ఞతలు చెప్పుచు, నేపథ్యమున సినిమా పాట మ్రోగెనా కాపీరైటు నిషిద్ధాక్షరి పడునని జడియుచు నడపవలయును. పృచ్ఛకులందఱును అప్రస్తుతప్రసంగులే. మావాని తొలి ప్రసారమునకు వచ్చిన యేడుగురిలో నలువురు వాని తరగతివారు. ఫిజిక్సు రికార్డు వ్రాసితివా యని వరుసగా అడిగిరి.

ధ్వనిని గూర్చి మాత్రము ఏమియు ఆలోచింపకుడు. ఎవరును ఆలోచింపరు. ఓబీఎస్‌లో ఆఱు ట్రాకులున్నవి. ఆట సవ్వడి ఒకదానిలో, మన మాట ఒకదానిలో, తోడి ఆటగాండ్ర కేకలు మఱొకదానిలో వేర్వేఱుగా పట్టి, తరువాత వలసినదానిని పెంచి, వలదన్నదానిని తుడిచివేయవచ్చును. మావాడు అన్నిటిని ఒక్క ట్రాకులోనే పోసెను. ఆ వీడియోను కత్తిరించునప్పుడు నేను వాని ప్రక్క కుర్చీలో నుంటిని. ధ్వని గీత తెరపై చీమలబారువలె సాగుచు, ఒకచోట హఠాత్తుగా మూడు గోపురములై లేచినది. తుపాకులేమో యనుకొంటిని. వినగా అవి మా కుక్కరు విజిళ్లు. మూడవదాని వెనువెంటనే, శత్రువు మెట్లెక్కుచున్న యడుగుల సవ్వడిని మ్రింగివేయుచు, మా కోడలి కంఠము: "ఒరేయ్, పప్పు దింపుతున్నా, వస్తావా, తాతయ్యకి పెట్టేయనా?" దాని వెనుక వీధిలో నీళ్ల ట్యాంకరు వెనుకకు వచ్చుచున్న కూత. మావాడు రెండు రాత్రులు పెనగులాడెను. ఫ్యాను రొద పోయెను గాని తల్లి గొంతు పోలేదు. విసిగి అట్లే లోకము మీదికి వదలెను.

ఆ ఆటలో వాడు చేసిన సాహసమును గూర్చి ఒక్కరును ఏమియు అనలేదు. డాలస్‌లో నున్న మా మేనకోడలి కొడుకు మాత్రము, "అత్త ఏం పప్పు చేసింది?" అని వ్రాసెను. దానిక్రింద ఎవరో పరిచయము లేనివాడు, మూడు విజిళ్లకు కందిపప్పు ఉడకదని వాదించెను. ఇంకొకడు, ముందు నానబెట్టినచో ఉడకునని బదులిచ్చెను. చర్చ పెద్దదయ్యెను.

నాటినుండి మా యింట వ్యవస్థ మాఱినది. వంటింటి అలమారు మేకునకు చిన్న కాలర్ మైకొకటి వ్రేలాడుచున్నది. దాని తీగ భోజనాల బల్ల క్రిందుగా పాకి వాని గది చేరినది. ఆఱవ ట్రాకు కుక్కరునకు కేటాయింపబడినది. నిన్న సాయంకాలము మా కోడలు బియ్యము కడిగి, నీరు పోసి, మూత బిగించి, లైటరు చేతబట్టుకొని గుమ్మములో నిలిచి, "వెలిగించనా?" అని కేక వేసినది.

"ఒక్క నిమిషం అమ్మా," అని లోపలినుండి వాని గొంతు వినవచ్చెను, "దీనికంటే మంచి సాఫ్ట్‌వేర్ ఇంకోటి వచ్చిందట, డౌన్‌లోడ్ అవుతోంది."

ఆమె నా వైపు తిరిగి, "మావయ్యా, ఈలోగా అటుకులు తాలింపు వేయనా?" అని అడిగెను.