గట్టు మీదే కట్టుకోండి: ఒక లైఫ్‌జాకెట్ ఆత్మకథ

నేనొక లైఫ్‌జాకెట్‌ని. నాగార్జునసాగర్ దగ్గర, విజయపురి సౌత్ లాంచీ స్టేషన్‌లో నా కొలువు. నాగార్జునకొండ చూడ్డానికి వచ్చినవాళ్లు నన్ను ఒంటికి తగిలించుకుంటారు, తిరిగొచ్చాక విప్పి ఇచ్చేస్తారు. ఇన్నాళ్లుగా ఎందరి గుండెలకో ఆనుకుని కృష్ణమ్మ మీద తిరిగినదాన్ని కాబట్టి, మీతో చెప్పుకోవలసినవి నాలుగు మాటలున్నాయి.

నేను పుట్టింది కుట్టుమిషన్ల మధ్య. పైన నారింజరంగు నైలాన్ గుడ్డ, లోపల ఫోమ్ పలకలు. మీ ఇంట్లో గిన్నెలు తోమే స్పాంజి నీళ్లు పీల్చుకుంటుంది. నాలోని ఫోమ్ అలా పీల్చదు. అందులో గాలి లెక్కలేనన్ని చిన్నచిన్న అరల్లో ఉంటుంది. ఏ అరకా అర మూసి ఉంటుంది కనుక నీళ్లు లోపలికి చొరబడవు. ఆ గాలే నా బలం. నీళ్లలో మనిషి బరువు చాలావరకు నీళ్లే మోస్తాయి. తల పైన నిలవడానికి పెద్దవాళ్లలో చాలామందికి 4, 5 కిలోల ఊతం అందితే చాలు. ఆ కాస్త ఊతం అందక పోయే ప్రాణాలే ఎక్కువ. నా భుజాల మీది తెల్లపట్టీ చీకట్లో టార్చిలైటు పడితే మెరుస్తుంది. మాలో చాలామందికి ఒక ఈల కూడా కట్టి ఉంటుంది. అరిచి అరిచి గొంతు పోయినా ఈల ఊదడానికి ఊపిరి మిగులుతుంది.

నేను తిరిగే నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఇక్కడ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండకముందే ఈ లోయలో తవ్వకాలు జరిపి, బయటపడిన బౌద్ధ శిల్పాలను కొండ మీదికి చేర్చారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీళ్లలో కలిసిపోయింది, కొండ కొన మాత్రం దీవిగా మిగిలింది. లాంచీలో కూర్చున్నవాళ్లు దూరంగా కనిపించే కొండనే చూస్తారు. కింద ఎంత లోతుందో తలుచుకునేవాళ్లు తక్కువ. పైగా ఇంత విశాలమైన జలాశయంలో గాలికి అడ్డు లేదు. గట్టు దగ్గర కదలని నీళ్లు నడిమధ్యకు వెళ్లేసరికి అలలేస్తాయి. అందుకే మబ్బు పట్టినా, ఈదురుగాలి లేచినా అనుభవం ఉన్న సరంగు లాంచీ కదపడు. అప్పుడు ఆయనతో గొడవ పడకండి. మిమ్మల్ని ఆపినవాడే మీ మేలు కోరినవాడు.

నన్ను వేసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చేతులు దూర్చి వదిలేస్తే సరిపోదు. జిప్పు పైదాకా లాగాలి, బకిల్స్ అన్నీ టక్కుమనేదాకా నొక్కాలి, పట్టీలు ఒంటికి బిగించాలి. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉంటే దాన్నీ వదలకూడదు. తర్వాత పక్కవాళ్లు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. నేను గడ్డం దాటి చెవుల దాకా జారితే సైజు ఎక్కువైనట్టో, పట్టీ వదులైనట్టో లెక్క.

ఒకసారి ఒకామె నాలుగేళ్ల పిల్లవాడికి నన్ను తొడిగింది. మోకాళ్ల దాకా వేలాడుతున్నాను. "ఏదో ఒకటి వేశాం కదా, చాల్లే" అంది. జాకెట్లిచ్చే కుర్రాడు వాడి భుజాల మీద నన్ను పట్టుకుని పైకెత్తాడు. పిల్లవాడు నేల మీదే ఉన్నాడు, నేను వాడి తల మీదుగా ఊడి కుర్రాడి చేతిలోకి వచ్చేశాను. "నీళ్లలో కూడా ఇదే జరుగుద్దమ్మా" అని లోపలికెళ్లి చిన్న సైజు తెచ్చి, పట్టీలన్నీ తనే బిగించాడు. ఆ తల్లి ఇంకేం మాట్లాడకుండా తన పట్టీ కూడా బిగించుకుంది.

నన్ను వద్దనేవాళ్లు చెప్పే కారణాలు మూడు: ఉక్కగా ఉంది, ఫొటో బాగా రాదు, మాకు ఈత వచ్చు. ఉక్క గంటసేపటిది. ఫొటో గట్టెక్కాక కొండ మీద దిగొచ్చు. ఇక ఈత సంగతి. చెరువులో ఇష్టపడి దూకడం వేరు, కట్టుబట్టలతో ఉన్నట్టుండి నీళ్లలో పడటం వేరు. పడేటప్పుడు తలకు దెబ్బ తగలొచ్చు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకోవచ్చు. ఈత రానివాళ్లు మీ మెడ వాటేసుకోవచ్చు. "పక్కనే పెట్టుకుంటాం, అవసరమైతే వేసుకుంటాం" అనేవాళ్లున్నారు. నీళ్లలో నన్ను వేసుకోవడం దాదాపు అయ్యే పని కాదు. నేను పైకి తేలిపోతుంటాను, మీ చేతులు ఈదడానికే చాలవు, ఇక బకిల్ ఎలా దొరుకుతుంది? గట్టు మీదే కట్టుకోవాలి, మళ్లీ గట్టెక్కాకే విప్పాలి.

అయితే నేనొక్కదాన్నే మిమ్మల్ని కాపాడతానంటే అబద్ధమవుతుంది. ప్రతి లాంచీకి మోయగలిగినంత లెక్క ఒకటుంటుంది, దాన్ని బోర్డు మీద రాస్తారు. మనుషులు ఎక్కువైనకొద్దీ లాంచీ అంచుకూ నీళ్లకూ మధ్య ఎడం తగ్గిపోతుంది. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో విహారయాత్రకు వచ్చిన బడిపిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించారు, చాలామంది పిల్లల ఒంటి మీద నాలాంటివాళ్లు లేరు. కూర్చోవడంలోనూ క్రమం ఉండాలి. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో, పెరియార్ జలాశయం మీద 'జలకన్యక' అనే బోటు మునిగి 45 మంది పోయారు. ఒడ్డున జంతువులు కనిపించాయని జనం ఒక్కసారిగా ఒకవైపుకు చేరడం అక్కడ పెద్ద కారణంగా చెప్పారు. అందుకే సరంగు "కూర్చోండి" అంటే కూర్చోవాలి. కొండ కనిపించిందని అందరూ ఒకే పక్కకు లేవకూడదు. మందు తాగినవాళ్లు అసలు ఎక్కకూడదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగింది తెలుగువాళ్లు మరిచిపోలేరు. నది వరద మీద ఉన్నప్పుడు పాపికొండలకు బయల్దేరిన బోటు అక్కడ మునిగిపోయింది. బతికినవాళ్లను ముందుగా అందుకున్నది చుట్టుపక్కల గూడేలవాళ్లు. ఆ ఘోరం తర్వాతే బోట్లు తిరిగే చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశమంతటికీ కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజన్‌తో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి, నడిపేవాళ్లకు అర్హత పత్రం ఉండాలి. కౌంటర్ దగ్గర వీటి గురించి అడిగే హక్కు మీకుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

లాంచీ ఎక్కగానే బయటికి దారి ఎటో చూసుకోండి. ఎప్పుడైనా ఆపద వచ్చి పడవ తిరగబడితే, అది తేలుతున్నంతసేపూ దాన్నే పట్టుకోండి. గట్టు దగ్గరగా కనిపిస్తున్నా ఈదుకుంటూ వెళ్లాలని తొందరపడకండి. పట్టుకోవడానికేం లేకపోతే మోకాళ్లు గుండెకు దగ్గరగా ముడుచుకుని, పక్కవాళ్లతో చేతులు కలిపి గుంపుగా తేలండి. ఒంట్లో వేడి నిలుస్తుంది, వెతికేవాళ్లకు గుంపు తొందరగా కనిపిస్తుంది.

నాకూ వయసు మీదపడుతుంది. ఎండకు నా రంగు వెలిసిపోతుంది, దారం పిగులుతుంది. నన్ను కింద వేసుకుని కూర్చుంటే ఫోమ్ అణిగిపోయి ఊతం తగ్గుతుంది. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవని నాడు, బకిల్ పట్టు తప్పిన నాడు నన్ను తీసేసి కొత్తదాన్ని తేవాలి. అది ఖర్చని వెనకాడేవాళ్లకు లాంచీ నడిపే అర్హత లేదు.

మీరు మాత్రం నన్ను చేతిలోకి తీసుకోగానే ఒకసారి తిప్పి చూడండి. చిరిగి ఉంటే మరొకటి అడగండి. మీ పిల్లలకు సరిపోయే సైజు లేకపోయినా, పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తున్నా ఆ లాంచీ ఎక్కకండి. టికెట్టు డబ్బులు పోతే పోనివ్వండి. నాగార్జునకొండ ఎక్కడికీ పోదు, ఇంకో రోజు పిల్లాపాపలతో వచ్చి చూడొచ్చు.