పిన్‌కోడు జాతకాలు

కొందరికి బండి నంబరు కూడి చూసుకునే అలవాటు. తొమ్మిది వస్తే మురిసిపోతారు, ఎనిమిది వస్తే శని అని ముఖం ముడుచుకుంటారు. నాకు ఆ జబ్బు లేదు. నాది అంతకన్నా ముదిరిన జబ్బు. ఏ సంఖ్య కంటబడినా దాని కారణాంకాలు విప్పేదాకా తిన్నది అరగదు. శుభలేఖల మీద చిరునామాలు రాయమని ఇంట్లో కూర్చోబెడితే, ఊరి పేరు దాకా సాఫీగా సాగిన చెయ్యి పిన్‌కోడు దగ్గర ఆగిపోతుంది.

పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న పుట్టాయి. మొదట 5 ఉంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు. 517 అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లా. ఆ 517 కూడా సంయుక్త సంఖ్యే, 11ని 47తో హెచ్చిస్తే వస్తుంది. చివరి మూడంకెలూ పోస్టాఫీసుకు గుర్తు.

మదనపల్లె 517325. రెండుసార్లు 5తో భాగిస్తే 20693 మిగులుతుంది. తంటా అంతా అక్కడే. 23తో భాగిస్తే శేషం 16. 29తో భాగించినా 16. 31తో భాగించినా అదే 16! నన్ను ఆటపట్టిస్తోందా అనుకున్నాను. తీరా చూస్తే 23, 29, 31 మూడూ హెచ్చిస్తే 20677. మన సంఖ్య దానికి సరిగ్గా 16 ఎక్కువ. వర్గమూలం 144 లోపే కనుక 139 దాకా వెళ్తే చాలు. వెళ్లాను. ఏదీ లొంగలేదు. 20693 ప్రధాన సంఖ్య.

టమాటా మండీలో ఉండే మా బావమరిదికి ఈ సంబరం చెప్పాను. "517325 క్రేట్లు సమానంగా సర్దాలంటే 5 లారీలన్నా ఉండాల, 25 అన్నా ఉండాల. కాదంటే ఏకంగా 20,693 లారీలు!" అన్నాను.

"లారీకి ఎన్ని పడతాయో డ్రైవరు చెప్తాడులే బావా. నువ్వు ముందు ఇంటికి పో, అక్క ఎదురుచూస్తాంది" అన్నాడు.

పుంగనూరు 517247. అంకెలు కూడితే 26, అంటే మళ్లీ ఎనిమిది. సంఖ్యాశాస్త్రం వాళ్లు పెదవి విరిచేస్తారు. విప్పి చూస్తే 23×43×523, మూడూ వేర్వేరు ప్రధాన సంఖ్యలు. రామానుజన్ మెచ్చిన ట్యాక్సీ నంబరు 1729 కూడా 7×13×19, అచ్చం ఇదే తీరు. పుంగనూరు పొట్టి ఆవు పాలలో చిక్కదనం ఉన్నట్టు, ఈ ఎనిమిదిలోనూ సరుకుంది.

కుప్పం 517425. మదనపల్లెకు సరిగ్గా వంద ఎక్కువ. విప్పితే 3×5×5×6899. దీనికి కారణాంకాలు 12, పుంగనూరుకు 8, మదనపల్లెకు 6. మూడింట్లో పెద్ద ఊరికే అన్నిటికన్నా తక్కువ! మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న కుప్పానికి పొత్తులు ఎక్కువ ఉండటంలో వింతేముంది?

దూరాన ఉన్న మదనపల్లె, కుప్పాలకు గ.సా.భా. 25. మదనపల్లె పక్కనే ఉన్న పుంగనూరుకు మాత్రం దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకమే లేదు. ఇరుగుపొరుగు మధ్య మాటల్లేకపోవడం లెక్కల్లోనూ ఉందన్నమాట.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది. పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయాయి. ఎవరెటు పోయినా 517 మాత్రం చెదరలేదు. ప్రభుత్వాలు జిల్లాల సరిహద్దులు మార్చగలవు గానీ, 23ని 20693లో ఇమడ్చలేవు.

మీ ఊరి పిన్‌కోడునూ ఓసారి విప్పి చూడండి. ఆరంకెలే కనుక వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అవి మొత్తం 168. ఏదీ నిశ్శేషంగా భాగించకపోతే మీ ఊరిది ప్రధాన సంఖ్యే, కాలరెగరేసుకు తిరగండి. ఈ జాతకానికి దక్షిణ అక్కర్లేదు. ఒక పెన్సిలు, పాత క్యాలెండరు కాగితం వెనకవైపు ఉంటే చాలు.